అంగడి తలుపు పైకెక్కిన చరిత్రము



మహాసభా సంచికలయందు వంశచరిత్రములును, దాతల జీవితములును, విద్యాభివృద్ధిని గూర్చిన ప్రసంగములును ప్రకటింపబడుట ఆచారము. అవి యుచితములే. కాని మనవారు తరతరములుగా చేతబట్టిన ఉలికిని సుత్తెకును సంబంధించిన చరిత్రము తఱచుగ ఈ పుటల కెక్కదు. శిల్పశాస్త్రములను గూర్చి మనము గర్వముతో చెప్పుకొందుము; వీధిలో ప్రతిదినము దాటిపోవు తలుపు ఎట్లు పుట్టెనో విచారింపము. కావున ఈ యేడు మేము ఒక తలుపును గూర్చి వ్రాయ సాహసించుచున్నాము. అది ప్రక్కకు తెఱచుకొనక పైకి లేచు తలుపు. మోటారుబండ్లు నిలుపు గరాజులకును, అంగళ్ల ముంగిళ్లకును అమర్చబడునది. కొన్ని చుట్టుకొనును, కొన్ని పలకలు పలకలుగ వంగి పైకప్పు క్రిందికి పోవును, కొన్ని నడుమ మడచుకొని గొడుగువలె ముంగిట నిలుచును. ఈ మూఁటిని ఒక్క సూత్రము నడపుచున్నది. తలుపు పైకి లేచుటకు కావలసినది బలము గాదు, తూకము. ఈ మాటను స్థాపించుటకే ఈ వ్యాసము.

మొదట పేర్లను విచారింతము. సంస్కృతమున తలుపునకు కపాటమనియు, కవాటమనియు, అరరమనియు పేళ్లు గలవు. దానిని మూసి బిగించు అడ్డగడియకు అర్గళమని పేరు. అమరకోశము చదివిన బాలు రందఱు వీని నెఱుగుదురు. కౌటిల్యుని యర్థశాస్త్రము కోటవాకిళ్లను వర్ణించుచు హస్తిపరిఘ లను గొప్ప యడ్డగడియలను పేర్కొన్నది. నేఁటి పాఠ్యపుస్తకములందు గుండెలోని నెత్తుటి దారులను మూయుచు తెఱచుచు నుండు పొరలకు హృదయకవాటము లను పేరు నిలిచినది. తలుపన నేమో మనవా రెంత చక్కగ గ్రహించిరో దీనివలన తెలియును. తెఱచుట మూయుట యను రెండు పనులును చెడక జరిగిననే అది కవాటము.

అయినను ఈ ప్రాచీన కవాటము లన్నియు ప్రక్కకు తిరుగునవే. మన పాత యిండ్లలోను దేవాలయములలోను తలుపురెక్కకు పైనను క్రిందను ఒక్కొక్క ముక్కు విడిచి, వానిని గడపలోను పైకమ్మిలోను తొలిచిన గుంటలయందు నిలిపెడివారు. ఇనుప మడతబందులు పిదప వ్యాపించినవి. రెండింటను ఒక సౌలభ్యము గలదు. తలుపు బరువును గడపయో ద్వారబంధమో మోయును. తెఱచువాఁడు రాపిడిని మాత్రమే గెలువవలెను. అందుచేతనే గోపురద్వారము తలుపు ఎంత బరువైనదైనను ఒక బాలుఁడు భుజమాన్చి త్రోయగలడు. అదే తలుపును పైకెత్తవలసి వచ్చినచో పదిమంది చాలరు. ప్రక్కతలుపునకును పైతలుపునకును గల భేద మంతయు నిందే యున్నది.

మఱి పైకెత్తు తలుపు ఎందుకు కావలసివచ్చెను? ఇంటి వాకిలి మనిషి పట్టునంత యున్న చాలును. అంగడికి ముంగిలి యంతయు తెఱచి యుండవలెను. అంత వెడల్పునకు రెక్కల తలుపులు పెట్టిన, తెఱచినప్పుడు అవి వీధిని ఆక్రమించును. లేక సరకును కప్పివేయును. దీనికి మన పట్టణములలో వడ్రంగులు కనుగొన్న యుపాయము పలకల తలుపు. గడపలోను పైకమ్మిలోను గాడి తీసి, నిలువు పలకలను ఒకదాని ప్రక్క నొకటి జరిపి, కడపటి పలకపై ఇనుపబద్ద వేసి తాళము బిగించెడివారు. వరుస తప్పకుండ పలకలకు అంకెలు వేయుటయు కలదు. ఇది మన దేశమునకే చెందిన యుపాయము గాదు. క్రీస్తుశకము 79లో వెసూవియస్ పర్వతపు బూడిదలో కప్పబడిన పాంపే నగరమున అంగళ్ల గడపలపై ఇట్టి గాడులే నేఁటికిని కనబడుచున్నవి. సముద్రముల కావలను ఈవలను ఒకే యక్కఱ ఒకే యాలోచనను పుట్టించినది. ఆ తలుపున తలమీఁద బరువు లేదు; కాని ప్రతి ఉదయము పలకల నొక్కటొక్కటిగ తీసి ఒకచో పేర్చవలెను, ప్రతిరాత్రి తిరిగి నిలుపవలెను.

పైకెత్తు నుపాయమును జపానువారు చిరకాలము క్రిందటనే యెఱుగుదురు. క్యోటో నగరపు రాజప్రాసాదములందు షితోమి యను జల్లిచట్రముల తలుపు గలదు. దాని పైసగము మీఁది కీలుపై వెలుపలికి లేచి, చూరునుండి వ్రేలాడు ఇనుపకొక్కెమునకు తగులుకొని నిలుచును. పిదపి కాలపు వర్తకుల యిండ్లలో సురియగెదో యను తలుపు వచ్చెను. అందు అడ్డపలకలను నిలువుగాడులవెంట పైకి త్రోసి, పైకమ్మి వెనుకనున్న చోటున నొకదానివెనుక నొకటి దాచెడివారు. ఐరోపాలో కోటలకు పైనుండి దిగు జల్లితలుపు లుండెను. 4వ శతాబ్దపు చివరిభాగమునకు చెందిన రోమను రచయిత వెజీషియస్ దానిని వర్ణించియున్నాడు. శత్రువు లోనికి వచ్చినంతనే దానిని జారవిడుచుట దాని ప్రయోజనము. పైనుండి పడు తలుపు ఆయుధ మగునని ఆనాఁటివారు తెలిసియే చేసిరి. ఈ మాటను పాఠకులు జ్ఞాపకమున నుంచుకొందురుగాక.

తూకము సంగతి ఎవరికి తెలియును? అలెగ్జాండ్రియా నగరపు హీరో యను యంత్రవేత్త 1వ శతాబ్దమున, హోమాగ్ని వేడిమిచే నీటిని కదిపి, త్రాళ్లకు గట్టిన బరువులచే గుడితలుపులు తమంత తెఱచుకొను నట్లు యంత్రమును రచించెను. అంతదూరము పోనేల? మన పల్లెలలోని ఏతము తూకమునకు తల్లి. నీటిబాన ఒకవైపు, దూలముపై నడచు మనిషి మఱియొకవైపు. వాఁడు నీటిని తన కండబలముచే లాగుట లేదు. తన బరువును ముందునకు వెనుకకు జరిపి తూచుచున్నాడు. పైకెత్తు తలుపునకు కావలసిన శాస్త్ర మంతయు ఆ ఏతములో బీజముగ నున్నది.

ఇఁక చుట్టుతలుపు. 18వ శతాబ్దమున ఫ్రాన్సులో సన్నని కొయ్యబద్దలను గుడ్డపై నంటించి, వంకరగాడిలో జరిగిపోవు నట్లు వ్రాతబల్లలకు మూతలు చేసిరి. 19వ శతాబ్దమున లండను వర్తకవీధులలో ఇనుపబద్దల చుట్టుతలుపు లంగళ్ల ముందు వెలసెను. తలుపు పైనున్న గొట్టమునకు చుట్టుకొనును. గొట్టములోని స్ప్రింగు దాని బరువును మోయును. మన పట్టణములలో పలకల తలుపును తొలగించినది ఇదియే. దానికి మనవారు షట్టరని పేరు నిలుపుకొనిరి. ఆ పే రెంత నాటుకొనిన దనగా, నేఁడు రెండు షట్టర్లు అద్దెకు గలవన్నచో రెండు తలుపులని కాక రెండు అంగడిగదులని యర్థము. భాగము పేరు మొత్తమునకు చెల్లుట అలంకారికు లెఱిగిన లక్షణయే. దానిని సాధించినది పండితుఁడు గాదు, బజారు.

తరువాతి మలుపునకు కారణము మోటారుబండి. 1886లో జర్మనీ దేశపు కార్ల్ బెంజ్ తన బండికి హక్కుపత్రము పొందెను. 1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డు మాడల్ టి బండిని వెలువరించెను. 1927లో దాని నిర్మాణము నిలిచిపోవునప్పటికి కోటియేబది లక్షలు తయారైనవి. ఆ బండ్లను మొదట గుఱ్ఱపుబండ్ల కొట్టములలోనే నిలిపిరి. ఆ కొట్టముల రెక్కతలుపులు వెలుపలికి తెఱచుకొనునవి. చలికాలమున మంచు పేరుకొన్నచో దానిని త్రవ్వి పాఱవేసిననే గాని తలుపు కదలదు. వెడల్పయిన రెక్క తన బరువుచేతనే వంగి నేలను రాచుకొనును. ప్రక్కకు జరుగు తలుపు పెట్టుదమన్న, వాకిలి యెంతో గోడయు నంత కావలెను. ఈ చిక్కులకు 1921లో సి. జి. జాన్సన్ అను నాతఁడు పరిష్కారము చూపెను. తలుపును అడ్డముగ కొన్ని పలకలుగ కోసి, వానిని కీళ్లచే కలిపి, అంచులకు చిన్నచక్రములు తగిల్చి, వంపు దిరిగిన ఇనుపపట్టాలలో నడపెను. తలుపు గోడవెంట లేచి, వంపు దాటి, పైకప్పు క్రింద పరుండును. ఆయన ఈ తలుపు నమూనాను చిన్నదిగ చేసి మాడల్ టి బండి వెనుక నమర్చి, ఊరూర త్రిప్పి చూపి వర్తకులను సంపాదించెనని ప్రసిద్ధి. 1926లో విద్యుచ్ఛక్తిచే దానిని నడపు యంత్రమును గూడ ఆయనయే కల్పించెను.

ఆ తలుపున మెచ్చదగిన సంగతి పట్టాల వంపు గాదు, స్ప్రింగు పొందిక. 8 అడుగుల ఎత్తు, 80 కిలోల బరువుగల తలుపును 4 పలకలుగ చేసితి మనుకొందము. పలక కొక్కింటికి 20 కిలోలు. తలుపు మూసియున్నప్పుడు 80 కిలోలును త్రాళ్లనుండి వ్రేలాడుచుండును. ఒక పలక వంపు దాటి అడ్డముగ పరుండినంతనే దాని బరువును పట్టాలు మోయును. వ్రేలాడునవి 60 కిలోలు. సగము లేచునప్పటికి 40, అటుపై 20, కడకు దాదాపు శూన్యము. అనగా తలుపు లేచినకొలది బరువు సమముగ తరుగును. 1678లో ఇంగ్లాండు దేశపు రాబర్ట్ హుక్ ప్రకటించిన నియమము ప్రకారము స్ప్రింగు ఎంత సాగినదో అంత లాగును. విడిచినకొలది దాని లాగుడు సమముగ తరుగును. ఇరుసుపై మెలిత్రిప్పిన స్ప్రింగునకును ఇదే నియమము. తరుగు బరువునకు తరుగు బలము జోడైనది. అందుచేతనే ఆ తలుపు ఏ యెత్తున విడిచిన ఆ యెత్తుననే నిలుచును. చుట్టుకొను షట్టరునకును స్ప్రింగు కుదురుటకు ఇదియే కారణము.

ఇప్పుడు మడతతలుపును చూతము. ఇది మా యభిప్రాయమున మన పనివారికి మిక్కిలి దగినది. తలుపు రెండే రెక్కలు. రెండింటి నడుమ కీలు. పైరెక్క పైయంచున ద్వారబంధమునకు కీలు. క్రిందిరెక్క క్రిందియంచున రెండు చక్రములు, అవి నిలువుపట్టాలలో నడచును. క్రిందియంచును పైకి లాగినచో నడిమికీలు వీధివైపునకు పొంగి, తలుపు మోకాలువలె మడచుకొని, ముంగిట నీడ నిచ్చు చూరుగ నిలుచును. లోపల పైకప్పు క్రింద పట్టాలు లేవు. అటుకపై సరకు పెట్టుకొనవచ్చును. షట్టరు బద్దలను ఒత్తు యంత్రము అక్కఱలేదు. చట్రము, రేకు లేక పలక, కీళ్లు, గిలకలు, ఉక్కుతాళ్లు: ఇవి యున్న ఒక వడ్రంగియు ఒక కమ్మరియు కలిసి చేయగలరు.

దాని తూకము వేఱు. క్రిందియంచు 8 అడుగులు లేచునప్పటికి తలుపు బరువునకు నడిమిచోటు 4 అడుగులే లేచును. మడత ఏ దశలో నున్నను ఈ సగపాలు మాఱదు. కావున 80 కిలోల తలుపు ఆరంభమునుండి అంతమువఱకు క్రిందియంచున 40 కిలోలనే అడుగును. తక్కిన 40 కిలోలను పైకీళ్లు మోయును. త్రాటి నొక్కొక్క ప్రక్క గిలకమీఁదుగ దింపి 20 కిలోల బరువు కట్టినచో తూకము సరి. జాన్సను తలుపున బరువు తరుగును, కావున తరుగు బలముగల స్ప్రింగు తగును. మడతతలుపున బరువు మాఱదు, కావున మాఱని బరువే దానికి జోడు. ఈ భేదమును గమనింపక షట్టరు స్ప్రింగును మడతతలుపునకు తగిల్చి దాని నొక్కదానినే నమ్మినచో ఏమగును? క్రింద నున్నప్పుడు తూకము కుదిరినట్లే తోచును. పైకి పోయినకొలది స్ప్రింగు బలము సన్నగిల్లును. తలుపు మాత్రము తన 40 కిలోలను తగ్గించుకొనదు. కడకు అది ఎవని తలపై నిలిచియున్నదో వానిపైనే దిగును. కోటతలుపును గూర్చి మేము జ్ఞాపకముంచుకొనుమన్నది ఇందులకే.

మఱి మూడు జాగ్రత్తలు గలవు. మొదటిది, రెండురెక్కలును సరళరేఖగ నిలిచియున్నప్పుడు క్రిందినుండి ఎత్తినచో నడిమికీలు ఏవైపునకు పోవలెనో యెఱుగక బిగియును. కావున మూసినప్పుడును నడిమికీలు ఒకింత వెలుపలికే యుండునట్లు అడ్డు నమర్చవలెను. రెండవది మిక్కిలి ముఖ్యమైనది. తలుపును పూర్తిగ మడచి చదునుగ నిలుపవలెనను ఆశ పనివానికి సహజము. మడత పెరిగినకొలది చక్రములు పట్టాలను ప్రక్కకు ఒత్తు బలము పెరుగును. 80 కిలోల తలుపున రెక్కలు నిలువునుండి 45 డిగ్రీలు వంగినప్పుడు ఆ యొత్తిడి మొత్తము 20 కిలోలు. 75 డిగ్రీలకు సుమారు 75 కిలోలు. 85 డిగ్రీలకు సుమారు 229 కిలోలు. కావున 75 డిగ్రీలకడ నిలుపుట మేలు. అప్పుడు క్రిందియంచు పైకమ్మికి రెండడుగుల చిల్లర క్రిందుగ నుండును. 8 అడుగుల వాకిటిలో 6 అడుగుల దారియే మిగులును. పొడవరి తల తగులును. కావున 10 అడుగుల యెత్తు వాకిలి కట్టినచో 7 అడుగుల 5 అంగుళముల దారి లభించును. ఇల్లు కట్టువాఁడు తలుపు చేయువానిని మొదటనే అడుగవలెననుట కిది నిదర్శనము. మూఁడవది గాలి. తెఱచిన తలుపు తెరచాపవంటిది. తుపానుగాలులు వీచు మన కోస్తా పట్టణములలో దానిని నిలిపి కట్టు కొక్కెము లేనిచో, గాలి దానిని ఎత్తి కొట్టును.

ఇఁక ప్రాణాపాయమును గూర్చి. స్ప్రింగు తలుపున తలుపు మూసినప్పుడు స్ప్రింగులో దాగియున్న శక్తి, 80 కిలోల బరువు 4 అడుగుల యెత్తునుండి పడునప్పుడు పుట్టు శక్తికి సమానము. దానిని తగిన కడ్డీలు లేక చేతికందిన పనిముట్టుతో విప్పువాఁడు తన చేతిని పణముగ నొడ్డుచున్నాడు. సాగు స్ప్రింగునకు నడుమ కాపుత్రాడు దూర్పనిచో తెగినప్పుడు అది కొరడావలె ఎగురును. బరువుల తలుపున బరువులు పెట్టెలో మూయబడి యుండవలెను, లేనిచో పిల్లలు వానిక్రింద ఆడుకొందురు. త్రాడు తెగినప్పుడు పట్టాను కఱచి నిలుపు పంటికొక్కెము ఉండవలెను. యంత్రముచే నడచు తలుపుల క్రింద చిక్కుకొని అమెరికాలో ఎందఱో పసివారు మరణించిరి. ఆ దుఃఖము ఫలముగ 1990లో అక్కడ శాసనము పుట్టెను. 1993 జనవరి 1 మొదలు ఇండ్లకు తయారగు ప్రతి గరాజుయంత్రమునకును, తలుపు దిగుచు దేనికైనను తగిలినచో వెనుదిరిగి పైకి పోవు గుణముతోపాటు, చిక్కినవారిని కాపాడు మఱియొక యేర్పాటును ఉండవలెనని నిర్ణయించిరి. తలుపు పుట్టిన డెబ్బదియేండ్లకు గాని దానికి దయ నేర్పలేకపోయిరి. మన మంతకాల మాగనక్కఱలేదు. వారు నేర్చిన పాఠము మన యెదుట నున్నది.

మన సంఘమువారి వృత్తులలో కొయ్యపని, ఇనుపపని ప్రధానములు. పలకల తలుపు పోయినప్పుడు పెక్కుమంది వడ్రంగుల చేతిపని పోయినది. షట్టరు బద్దలు కర్మాగారమునుండి వచ్చుచుండగా మన కమ్మరికి మిగిలినది అతుకుపని. దీనికై కాలమును నిందించి ప్రయోజనము లేదు. కాలముతోపాటు మాఱిన వస్తువులో మనకు తావెక్కడ నని వెదకుకొనవలెను. మడతతలుపు అట్టి తావు. కాని కన్నుతో కొలిచి చేతితో తూచెడి పాతయలవాటు ఇక్కడ చాలదు. రెక్కతలుపున లెక్క తప్పినచో కిఱ్ఱుమని మొఱపెట్టును. పైతలుపున లెక్క తప్పినచో మనిషిమీఁద పడును. కావున మా విన్నపములు మూఁడు.

పనివారలారా, తలుపును అమర్చుటకు ముందు కాటాపై తూయుఁడు. ఆ బరువును, దానికి కట్టిన తూకపుబరువును తలుపు లోపలివైపున అంకెలతో వ్రాయుఁడు. రేపు మఱమ్మతునకు వచ్చువాఁడు మీ కుమారుఁడే కావచ్చును. అమర్చిన పిదప తలుపును మోకాలియెత్తునను, నడుమెత్తునను, తలయెత్తునను విడిచి చూడుఁడు; మూఁడుచోట్లను నిలువనిచో అది యింకను పూర్తికాలేదు.

అంగళ్లు కట్టించు శ్రీమంతులారా, తలుపు వెలను అడుగునప్పుడు పంటికొక్కెమును, కాపుత్రాటిని తగ్గించి బేరమాడకుఁడు. ఆ తలుపును ప్రతి ఉదయము ఎత్తువారు మీరు గారు. అద్దెకు చేరిన వృద్ధుఁడో, ఒంటరిగ బడ్డీ నడపుకొను తల్లియో ఎత్తుదురు. ఆమె ఒక్కచేతితో ఎత్తగలిగిననే ఆ తలుపు మంచితలుపని మా నిర్ణయము.

విద్యాదాత లైన పెద్దలారా, మహాసభకు తోరణములు కట్టుటతోపాటు, వృత్తివిద్య నేర్చు మన పిల్లల యెదుట రెండడుగుల మడతతలుపు నమూనా నొకటి నిలిపింపుఁడు. త్రాటికి కట్టిన బరువును మార్చుచు వారు స్వయముగ తూచి చూతురు. గణితము తమ కులవృత్తికి పరాయిది గాదని ఆ పసిచేతులకు ఆనాఁడు తెలియును.

కవాటము మూసినప్పుడు సొత్తును కాపాడవలెను, తెఱచినప్పుడు మనిషిని కాపాడవలెను. మొదటి పనిని మన పూర్వులు అర్గళముతో సాధించిరి. రెండవ పనిని తూకముతో సాధించుట మన తరమువారి వంతు.

స్వస్తి.